డాక్ కామెంట్ రంగులు: స్విచ్ ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన సంచికలో కోడ్ రాసుకునే ఎడిటర్ల థీముల (రంగుల అమరికల) గురించి రాస్తూ, కామెంట్లని మరీ మసక రంగులో పెట్టుకోవద్దని ఒక్క ముక్క అన్నాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకని ఈసారి కాలమ్ మొత్తం డాక్యుమెంటేషన్ కామెంట్లకే ఇచ్చేస్తున్నా. అంటే ఫంక్షన్ పైన /** తోనో /// తోనో మొదలుపెట్టి, ఇది ఏం చేస్తుంది, ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది అని రాసే కామెంట్లు. మామూలు కామెంట్ ఆ కోడ్ మార్చేవాళ్ల కోసం, ఇది ఆ కోడ్‌ని వాడుకునేవాళ్ల కోసం. గుంటూరు నుంచి వచ్చిన పెద్ద ఉత్తరం ముందు వేస్తున్నా, ఎందుకంటే మిగతావాటికి సగం జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: అన్నా, నేను గుంటూరులో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నా. షాపులకి బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తాం. మాకు సొంతంగా రాసుకున్న చిన్న స్క్రిప్టు భాష ఒకటి ఉంది, కామెంట్లు అచ్చం జావాలోలాగే ఉంటాయి. విమ్ ఎడిటర్‌లో దాని సింటాక్స్ ఫైలు (కోడ్‌లో ఏ ముక్క ఏమిటో ఎడిటర్‌కి చెప్పేది) నేనే చూసుకుంటా. ఈ మధ్య రెండు వారాలు కూర్చుని డాక్ కామెంట్ల లోపల ట్యాగులకీ (@param లాంటివి), పారామీటర్ పేర్లకీ, మొదటి వాక్యానికీ వేరే రంగులు వచ్చేలా చేశా. సగం మందికి బాగా నచ్చింది. మా సీనియర్ ఒకాయన మాత్రం "తీసెయ్, కళ్లు లాగేస్తున్నాయి" అంటున్నారు. ఇంకొకాయనకి ఓ ఫైల్లో సగం కోడ్ కామెంట్ రంగులోకి మారిపోతోందట, నా దగ్గర అలా రావట్లేదు. మొత్తం తీసెయ్యాలా? ఆప్షనల్‌గా పెట్టాలంటే ఎలా? ముందు ఆన్‌లో ఉంచాలా, ఆఫ్‌లోనా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: తీసెయ్యకు తమ్ముడూ. అలాగని మీ సీనియర్ గారి మాట కొట్టిపారెయ్యకు. ఇద్దరి మాటా నిజమే, నేను రెండువైపులా ఉండి వచ్చినవాణ్ణి.

చాలా ఏళ్ల కిందట విజయవాడ గవర్నర్‌పేటలో ఓ మేడ మీద ఆఫీసులో పనిచేసేవాణ్ణి. గుంటూరులో మిర్చి కమీషన్ షాపు ఒకటి మా కస్టమరు. మే నెల, పడమటి కిటికీ, మధ్యాహ్నం మూడున్నర, ఎండ సరిగ్గా వచ్చి స్క్రీన్ మీద పడుతోంది. నా థీమ్ నల్లది, కామెంట్లు ముదురు బూడిద రంగు. బిల్లు లెక్క కట్టే ఫంక్షన్ పైన డాక్ కామెంట్‌లో, బరువు క్వింటాళ్లలో ఇవ్వాలి అని స్పష్టంగా రాసి ఉంది. నేను కిలోలు పంపాను. 42.5 వెళ్లాల్సిన చోట 4250 వెళ్లింది. షాపు గుమాస్తా ట్రయల్ బిల్లు చేత్తో పట్టుకుని కాసేపు చూసి, "రెండు సున్నాలు ఎక్కువ పడ్డాయండీ" అన్నాడు. ఆయన చూడబట్టి సరిపోయింది, లేకపోతే అలాంటి కాగితం రైతు చేతికి వెళ్లేది. ఆ సాయంత్రం తిరిగొచ్చి ఫైలు తెరిస్తే, ఆ వాక్యం నేను మార్చిన లైనుకి ఆరు లైన్ల పైనే ఉంది. ఆ రోజు దాని మీదుగా పదిసార్లయినా పైకీ కిందికీ వెళ్లి ఉంటాను. నా కంటికి అదొక బూడిద రంగు చార, అంతే. బరువు అన్న ఒక్క పేరు వేరే రంగులో ఉండి ఉంటే నా కన్ను అక్కడ ఆగేదని ఇప్పటికీ నమ్ముతాను.

కొన్నాళ్లకి వేరే చోట జావా ఫైళ్లు వచ్చి పడ్డాయి. నాలుగు లైన్ల మెథడ్, దాని మీద ఇరవై లైన్ల డాక్ కామెంట్, అందులో నిండా హెచ్‌టీఎంఎల్ ట్యాగులు. ఎడిటర్ వాటికి వెబ్ పేజీకి వేసినట్టే రంగులన్నీ వేసేది. ఆ రంగుల మధ్య అసలు కోడ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. అక్కడ నేనే ఆఫ్ చేసుకున్నా. కొత్త కోడ్ చదివి అర్థం చేసుకునేటప్పుడు ఆ రంగులు కావాలి, రాత్రి పదింటికి బగ్ వెనకాల పడ్డప్పుడు వద్దు. ఒకే మనిషికే పూటకో రకంగా కావాల్సినది ఆఫీసులో అందరికీ కలిపి సింటాక్స్ ఫైలు రాసినవాడు ఎలా తేలుస్తాడు?

కాబట్టి నువ్వు కలిపేసిన రెండు పనుల్ని ముందు విడదియ్యి. ఇది డాక్ కామెంట్, ఇది అందులో ట్యాగు, ఇది పారామీటర్ పేరు అని గుర్తుపట్టడం ఒక పని. దానికి ఏ రంగు వెయ్యాలన్నది ఇంకో పని. మొదటిది నీది, రెండోది వాడేవాళ్లది. విమ్‌లో సింటాక్స్ హైలైటింగ్ 1998లో 5.0తో వచ్చింది, అందులో పద్ధతే ఇది: సింటాక్స్ ఫైలు గ్రూపులకి పేర్లు పెడుతుంది, రంగులు కలర్ స్కీమ్ వేస్తుంది. నీ ఫైల్లో ఎక్కడైనా నేరుగా "ఇది నారింజ, ఇది బోల్డ్" అని రాసి ఉంటే ఈ రోజే తీసెయ్. ట్యాగుల గ్రూపుని స్పెషల్‌కామెంట్ అన్న గ్రూపుకీ, మిగతా ఒళ్లంతా మామూలు కామెంట్ గ్రూపుకీ లింక్ చెయ్యి. ఆ లింక్ లైన్లో డిఫాల్ట్ అన్న మాట కూడా ఉండాలి. ఈ గ్రూపుకి అప్పటికే ఎవరైనా రంగు చెప్పుకుని ఉంటే దాన్ని నేను ముట్టుకోను అని దాని అర్థం. మీ సీనియర్ గారికి సగం ఇబ్బంది దీంతోనే తీరుతుంది, ఆయన తన విమ్‌ఆర్‌సీలో (సొంత సెట్టింగుల ఫైల్లో) ఆ గ్రూపుల్ని కామెంట్‌కి లింక్ చేసుకుంటే చాలు, నీ ఫైలు ముట్టుకోనక్కర్లేదు.

ఇక స్విచ్ సంగతి. విమ్‌తో వచ్చే జావా సింటాక్స్ ఫైల్లో ఇది ఎప్పటి నుంచో ఉంది, దాన్ని తెరిచి చదువు, మంచి పాఠం. జావా ఇగ్నోర్ జావాడాక్ అని, మాటల మధ్య అండర్‌స్కోర్‌లతో, ఒక వేరియబుల్ ఉంటుంది. అది పెట్టుకుంటే జావాడాక్ (జావా డాక్ కామెంట్ల) రంగులు పోతాయి. లోపల జరిగేది చాలా తేలిక: ఆ వేరియబుల్ లేకపోతేనే డాక్ కామెంట్ రీజియన్‌ని (ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే రూలుని) నిర్వచిస్తారు, ఉంటే ఆ భాగం మొత్తం వదిలేస్తారు. వదిలేస్తే ఏమవుతుంది? /** అనేది ఎలాగూ /* తోనే మొదలవుతుంది కదా, మామూలు కామెంట్ రూలు దాన్ని పట్టేసుకుంటుంది. ఆఫ్ చేసినప్పుడు డాక్ కామెంట్ మామూలు కామెంట్‌లాగే కనిపించాలి, అలా కనిపించడానికి విడిగా ఏమీ రాయాల్సిన పని లేకుండా పోయింది. నీ భాషలోనూ కామెంట్లు అంతే కాబట్టి నీకూ ఇదే సరిపోతుంది.

కానీ అందులో నువ్వు అలాగే దించుకోకూడనిది ఒకటుంది. ఆ వేరియబుల్ ఉందా లేదా అనే చూస్తారు, దాని విలువ ఎంత అని చూడరు. అంటే ఎవరైనా దానికి సున్నా ఇచ్చి, ఇగ్నోర్ చెయ్యొద్దని చెప్పాను కదా అనుకుంటే, అది ఇగ్నోర్ చేసేస్తుంది. పాత విమ్ స్క్రిప్టుల్లో ఈ అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. నువ్వు మాత్రం గెట్ ఫంక్షన్‌తో విలువ తీసుకో, లేకపోతే వాడాల్సిన విలువ కూడా అందులోనే ఇవ్వచ్చు. పేరు కూడా ఇగ్నోర్, నో, డిజేబుల్ లాంటి వ్యతిరేక మాటతో పెట్టకు. "ఇగ్నోర్ చెయ్యకు" అని అర్థం చేసుకోవడానికి మనిషి ఒక్క క్షణం ఆగాలి, ఆ ఆగడంలోనే తప్పులు దొర్లుతాయి. విమ్‌లోనే డాక్సిజెన్ (డాక్ కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ తీసే టూల్) కామెంట్ల కోసం ఉన్న వేరియబుల్ పేరు లోడ్ డాక్సిజెన్ సింటాక్స్. సీ, సీ ప్లస్ ప్లస్, పీహెచ్‌పీ రాసేవాళ్లకి పనికొస్తుంది, ఒకటి ఇస్తే వస్తుంది, ఇవ్వకపోతే రాదు, చదివితే అర్థమవుతుంది.

ఆన్‌లోనా ఆఫ్‌లోనా అన్నావు. జావాడాక్, డాక్సిజెన్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడు. జావాడాక్ 1996లో మొదటి జేడీకే (జావా టూల్స్ మూట) తోనే వచ్చింది, జావా రాసేవాడికి అది భాషలో భాగమే, అందుకని విమ్‌లో అది ముందే ఆన్‌లో ఉంటుంది, వద్దన్నవాళ్లు ఆపుకుంటారు. డాక్సిజెన్ అలా కాదు, 1997లో బయట నుంచి వచ్చిన టూల్, సీ రాసేవాళ్లందరూ దాన్ని వాడరు, అందుకని ఆఫ్‌లో ఉంటుంది. నీ ఆఫీసులో /** కామెంట్ల నుంచి ఏదైనా ప్రోగ్రాము డాక్యుమెంటేషన్ తీస్తోందా? తీస్తుంటే అది భాషలో భాగం, ఆన్‌లో ఉంచు. తియ్యకపోతే, ఒక పొద్దున ఎవరినీ అడక్కుండా అందరి స్క్రీన్లూ మార్చేశావు కాబట్టే ఈ గొడవ, ఆఫ్‌లో పెట్టి కావాల్సినవాళ్లని ఆన్ చేసుకోమను.

నన్నడిగితే అవును కాదు అని రెండే పెట్టకుండా మూడు అంకెలు పెట్టు. సున్నా అంటే ఏమీ వద్దు. ఒకటి అంటే ట్యాగులూ పారామీటర్ పేర్లూ మాత్రమే వేరే రంగు, వాక్యాలన్నీ మామూలు కామెంట్ రంగే. రెండు అంటే మొదటి వాక్యం, లింకులు, లోపలి ఉదాహరణలు అన్నీ. ఆన్‌లో ఉంచాలని తేలితే నేను ఒకటితో మొదలుపెడతా. నా క్వింటాళ్ల కథకి ఆ ఒకటి సరిపోయేది, మీ సీనియర్ గారి కళ్లు లాగేది ఆ రెండు. అంతకు మించి ఒక్కో ట్యాగుకీ ఒక్కో స్విచ్ మాత్రం పెట్టకు. ఐదు స్విచ్‌లు పెడితే 32 రకాల కలయికలు వస్తాయి, అవన్నీ నువ్వు ఒక్కడివే తెరిచి చూడాలి, చూడవు, చూడనిచోటే చెడుతుంది. అదనపు రంగుల మెట్టుని విడిగా స్విచ్‌లో పెట్టడం మిగతా చోట్లా ఉంది. రస్ట్ భాష రాసేవాళ్లకి ఎడిటర్లో సాయపడే రస్ట్ అనలైజర్‌లో డాక్ కామెంట్ లోపలికి అదనపు రంగులు దించాలా వద్దా అన్నదానికి విడిగా ఒక సెట్టింగ్ ఇచ్చారు. రస్ట్‌లో ఆ కామెంట్లలో రాసే ఉదాహరణలు కార్గో టెస్ట్ అన్న కమాండ్ కొడితే నిజంగా పరీక్షగా నడుస్తాయి, అంచేత వాటిని కోడ్‌లాగా చూడాలనుకునేవాళ్లూ ఉంటారు, కామెంట్‌గానే చూస్తామనేవాళ్లూ ఉంటారు.

ఇప్పుడు సగం కోడ్ కామెంట్ రంగులోకి మారిపోయే జబ్బు. ఆ ఫైల్లో /**/ అని ఎక్కడైనా ఖాళీ కామెంట్ ఉందేమో వెతుకు. నాకైతే గట్టి అనుమానం అదే. ఆ నాలుగు గుర్తుల్ని దగ్గర నుంచి చూడు: మొదటి మూడూ చదవగానే నీ రూలు డాక్ కామెంట్ మొదలైందనుకుంటుంది. మిగిలింది ఒక్క /. ముగింపు అంటే */ రావాలి, కానీ ఆ * ని మొదలు కిందే వాడేసుకుంది. అందుకని ఆ ఒంటరి / ని దాటేసి, కింద ఎక్కడో ఇంకో కామెంట్ ముగిసేదాకా కోడ్ మొత్తాన్ని మింగేస్తుంది. నీ ఫైళ్లలో ఖాళీ కామెంట్ రాసే అలవాటు లేదు కాబట్టి నీకు రాలేదు. జావా సింటాక్స్ ఫైల్లో దీనికోసమే /**/ ని మామూలు కామెంట్‌గా పట్టే ఒక రూలు విడిగా, డాక్ కామెంట్ రూలు తర్వాత రాశారు. తర్వాత అన్నది ముఖ్యం, ఎందుకంటే ఒకే చోట రెండు రూల్స్ మొదలైతే విమ్‌లో చివర రాసినదే గెలుస్తుంది. నీ డాక్ కామెంట్ రీజియన్ మామూలు కామెంట్ రీజియన్ కంటే కింద ఉండాల్సిందీ అందుకే, పైన ఉంటే అసలు పనిచెయ్యదు. ఇదే వరసలో నక్షత్రాల గీతలు కూడా చూసుకో, ఫైలు పైన పేరు రాసి చుట్టూ /******** అని డబ్బా గీసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. జేఎస్‌డాక్‌లో రెండు కంటే ఎక్కువ నక్షత్రాలతో మొదలైతే డాక్ కామెంట్‌గా లెక్కపెట్టరు. నువ్వూ అలాగే చెయ్యచ్చు.

కొన్ని చిన్నవి గబగబా. మామూలు కామెంట్‌లో టూడూ అన్న మాట వెలుగుతుంది కదా, డాక్ కామెంట్‌లో కూడా వెలగాలి, కంటెయిన్స్ జాబితాలో (ఈ రూలు లోపల ఇంకా ఏమేం గుర్తుపట్టాలో చెప్పే చోట) దాన్ని చేర్చడం చాలామంది మర్చిపోతారు. స్పెల్లింగ్ చెక్ క్లస్టర్ కూడా అంతే. స్విచ్ మార్చాక, తెరిచి ఉన్న ఫైల్లో ఏమీ మారదు, ఫైలుని మళ్లీ ఎడిట్ కమాండ్‌తో తెరవాలి, ఈ మాట నీ హెల్ప్‌లో రాసి పెట్టు, లేకపోతే రోజూ ఎవరో ఒకరు పనిచెయ్యట్లేదంటారు. నీ భాష ఇంకో భాష లోపల వస్తుందేమో కూడా చూసుకో. జావాతో వెబ్ పేజీలు రాసే జేఎస్‌పీలో పైన హెచ్‌టీఎంఎల్, దాని లోపల జావా, ఆ జావా డాక్ కామెంట్ లోపల మళ్లీ హెచ్‌టీఎంఎల్. విమ్ జావా ఫైలు అక్కడ డాక్ రంగుల్ని పెట్టనే పెట్టదు. చివరగా మూడు అంకెలకీ ఒకే ఫైలు తెరిచి, డాక్ కామెంట్ మధ్యలో కర్సర్ పెట్టి అక్కడ ఏ గ్రూపు పేరు వస్తోందో సిన్ఐడీ, సిన్ఐడీఏటీటీఆర్ ఫంక్షన్లతో అడుగు. సున్నాకి మామూలు కామెంట్ పేరే రావాలి. రంగు చూసి తృప్తిపడకు, రంగు ఒకటే అయినా గ్రూపు వేరే అయి ఉండచ్చు, అప్పుడు ఇంకొకరి థీమ్‌లో బయటపడుతుంది.

ప్రశ్న: సార్, నేను తాడేపల్లిలో హాస్టల్లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వీఎస్ కోడ్‌లో జావాస్క్రిప్ట్ రాసేటప్పుడు డాక్ కామెంట్‌లో ట్యాగులు ఒక రంగు, టైపులు ఒక రంగు వస్తున్నాయి. నాకు కామెంట్ అంతా ఒకే రంగులో కావాలి. సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా ఆఫ్ బటన్ కనిపించలేదు. (తాడేపల్లి)

జవాబు: ఆ బటన్ లేదు బాబూ, నువ్వు సరిగ్గానే వెతికావు. వీఎస్ కోడ్‌లో భాషల వ్యాకరణాలు టెక్స్ట్‌మేట్ అనే ఇంకో ఎడిటర్ పద్ధతిలో ఉంటాయి. ప్రతి ముక్కకీ స్కోప్ అని చుక్కలతో కలిపిన పొడుగు పేరు పెడతాయి. ఆ పేరు పెట్టడాన్ని నువ్వు ఆపలేవు, రంగు మాత్రం నీ ఇష్టం. ముందు కర్సర్‌ని ఆ ట్యాగు మీద పెట్టి, కమాండ్ ప్యాలెట్‌లో డెవలపర్ ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్ అన్నది నడుపు. చిన్న డబ్బా తెరుచుకుని, అక్కడున్న స్కోప్‌లన్నీ ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. కామెంట్ డాట్ బ్లాక్ డాట్ డాక్యుమెంటేషన్ ఒకటి, దాని లోపల జేఎస్‌డాక్ అని ముగిసే స్టోరేజ్ డాట్ టైప్ లాంటిది ఇంకొకటి కనిపిస్తాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. సెట్టింగ్స్ జేసన్ ఫైల్లో టోకెన్ కలర్ కస్టమైజేషన్స్ కింద, టెక్స్ట్‌మేట్ రూల్స్‌లో పైదానికి ఒక్కదానికే రంగు రాసి, ఏమీ మారలేదంటారు. మారదు, లోపలి స్కోప్‌కి థీమ్ విడిగా రంగు చెప్పి ఉంది, లోపలిదే గెలుస్తుంది. రెండు పేర్లనీ మధ్యలో ఖాళీ ఇచ్చి పక్కపక్కన రాయి: డాక్ కామెంట్ లోపల ఉన్న ఈ ముక్క, అని దాని అర్థం. అప్పుడు మామూలు కోడ్‌లో ఆ స్కోప్‌కి ఉన్న రంగు చెడదు. ఇన్‌స్పెక్టర్ చూపించే లోపలి పేర్లకి ఒక్కొక్కదానికీ ఇలా రాసి, అన్నిటికీ నీ థీమ్‌లో కామెంట్‌కున్న రంగే ఇవ్వు.  పగలు తెల్ల థీమ్, రాత్రి నల్ల థీమ్ వాడేవాడివైతే థీమ్ పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టి దాని కింద రాసుకో, లేకపోతే పగటి రంగు రాత్రికీ వచ్చి కూర్చుంటుంది. కొన్ని భాషల్లో ఇదంతా చేసినా రంగు మారకపోతే ఆ డబ్బాలోనే సెమాంటిక్ టోకెన్ టైప్ అని కనిపిస్తోందేమో చూడు. సెమాంటిక్ హైలైటింగ్ (కోడ్ అర్థాన్ని బట్టి వేసే రంగులు) పైన కూర్చుని నీ రూలుని కప్పేస్తుంది, దానికి విడిగా కస్టమైజేషన్ సెట్టింగ్ ఉంది.

ప్రశ్న: నేను గుంటూరులో కంప్యూటర్స్ లెక్చరర్‌ని. పిల్లలకి పైథాన్ చెప్తాను. డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ మొదట్లో కొటేషన్ గుర్తుల మధ్య రాసే వివరణ) కూడా కామెంటే అని చెప్పాక, "మరి కామెంట్ రంగులో రావట్లేదేంటి మేడమ్" అని ఒక అమ్మాయి అడిగింది. ఏమని చెప్పాలి? కామెంట్ రంగులోకి మార్చి చూపించనా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ఆ అమ్మాయిని నా తరఫున మెచ్చుకోండి మేడమ్. ఎడిటర్ కరెక్టుగానే చూపిస్తోంది, డాక్‌స్ట్రింగ్ కామెంట్ కాదు, స్ట్రింగ్. హ్యాష్ గుర్తుతో రాసిన కామెంట్‌ని పైథాన్ చదవగానే పారేస్తుంది. ఫంక్షన్‌లో మొదటి వాక్యంగా రాసిన స్ట్రింగ్‌ని మాత్రం పారెయ్యకుండా ఆ ఫంక్షన్‌కే డాక్ అన్న పేరుతో, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్‌లు పెట్టి, తగిలించి ఉంచుతుంది. హెల్ప్ అని కొడితే వచ్చేది అదే. దాన్ని ఎలా రాయాలో 2001లో పెప్ 257 అన్న పైథాన్ పత్రంలో రాసిపెట్టారు. క్లాసులో చూపించాలంటే అదే ప్రోగ్రాముని మైనస్ డబుల్ ఓ ఆప్షన్‌తో నడిపి, డాక్ ఏముందో ప్రింట్ చేయించండి, నన్ అని వస్తుంది, ఎందుకంటే ఆ ఆప్షన్ డాక్‌స్ట్రింగ్‌లని తీసేస్తుంది. పిల్లలు ఇంక మర్చిపోరు.

రంగు మార్చాలా అంటే, కామెంట్ రంగులోకి మార్చకండి, మూడో రంగు ఇవ్వండి. వీఎస్ కోడ్ డాక్‌స్ట్రింగ్‌కి స్ట్రింగ్ డాట్ కోటెడ్ డాట్ డాక్‌స్ట్రింగ్ అని విడిగా స్కోప్ పేరు పెడుతుంది కాబట్టి పై జవాబులో చెప్పిన చోటే దానికి రంగు చెప్పచ్చు. ఒక్కటి మాత్రం పిల్లలకి ముందే చెప్పండి: ఎడిటర్ ప్రోగ్రాముని నడిపి చూడదు, ఆకారం చూసి ఊహిస్తుంది. ఫంక్షన్ మధ్యలో లైను మొదట మూడు కొటేషన్ గుర్తులతో ఏదైనా రాసినా డాక్‌స్ట్రింగ్ రంగు పడిపోవచ్చు. రంగు పడినంత మాత్రాన హెల్ప్‌లోకి రాదు.

ప్రశ్న: అన్నగారూ, మా టీమ్‌లో అందరం తెలుగువాళ్లమే, అందుకని డాక్ కామెంట్లు తెలుగులోనే రాసుకుంటాం. కొత్త థీమ్ వేసుకున్నాక డాక్ కామెంట్లు మాత్రం ఏటవాలుగా వస్తున్నాయి. ఇంగ్లీషు బాగానే ఉంది, తెలుగు చదవలేకపోతున్నా, తలనొప్పి వస్తోంది. (పటమట, విజయవాడ)

జవాబు: తెలుగులో రాసుకుంటున్నందుకు చాలా సంతోషంగా ఉందమ్మా. థీమ్ డాక్ కామెంట్‌కి ఇటాలిక్ పెట్టింది. ఇంగ్లీషు ఫాంట్లకి ఇటాలిక్ అక్షరాలు విడిగా గీసి ఉంటాయి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఉండవు, నోటో సాన్స్ తెలుగుకీ లేదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్నే పట్టుకుని పక్కకి వంచేస్తుంది. గుండ్రటి అక్షరం వంగితే గుడులూ కొమ్ములూ పక్క అక్షరం మీదికి ఒరుగుతాయి, వత్తులు ఏ అక్షరం కిందివో తెలియకుండా పోతాయి. "క్షేత్రస్థాయి" అన్న మాట ఒకసారి మామూలుగా, ఒకసారి ఏటవాలుగా పెట్టి చూడమ్మా, నీ తలనొప్పి ఎక్కడ మొదలవుతోందో తెలిసిపోతుంది.

నీది వీఎస్ కోడ్ అయితే, టోకెన్ కలర్ కస్టమైజేషన్స్‌లో డాక్ కామెంట్ స్కోప్‌కి ఫాంట్‌స్టైల్ అని పెట్టి, దాని విలువగా మధ్యలో ఏమీ లేని కొటేషన్ గుర్తులు ఇవ్వు. ఖాళీ అంటే థీమ్ ఇచ్చిన ఇటాలిక్, బోల్డ్ ఏమున్నా తీసెయ్ అని. ఆ లైనే రాయకుండా వదిలేస్తే తియ్యదు, ఖాళీగా రాయాలి. తర్వాత లైన్ హైట్ కొంచెం పెంచుకో, ఇంగ్లీషుకి సరిపోయే ఎడంలో మన వత్తులు కింది లైనుని తాకుతుంటాయి. రంగు ఎంచుకునేటప్పుడు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ తేడా) నిష్పత్తి 4.5కి 1 కంటే తగ్గకుండా చూసుకో, మామూలు సైజు అక్షరాలకి వెబ్ ప్రమాణాల్లో పెట్టుకున్న కనీసం అది. నెట్‌లో రెండు రంగులిస్తే లెక్కగట్టి చెప్పేవి చాలా ఉన్నాయి. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చునేదానివైతే ఇంకా ఎక్కువే పెట్టుకో, మన ఎండకి ఆ కనీసం చాలదు. ఈ థీమ్ చేసినవాళ్లకి కూడా ఒక మాట రాసి పంపు, ఇటాలిక్‌ని విడిగా స్విచ్‌లో పెట్టమని. మనలాగా సొంత లిపిలో కామెంట్లు రాసుకునేవాళ్లు ఉన్నారని వాళ్లకి తట్టి ఉండదు, చెప్తే చాలామంది మారుస్తారు.

ప్రశ్న: ఎక్లిప్స్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, ఈమాక్స్ వాడేవాళ్లం కూడా ఉన్నామండీ. మా సంగతి? (మంగళగిరి)

జవాబు: మీకు పని తేలిక. ఎక్లిప్స్ ప్రిఫరెన్సుల్లో జావా, ఎడిటర్, సింటాక్స్ కలరింగ్ దాకా వెళ్తే జావాడాక్ అని విడిగా ఉంటుంది, ట్యాగులకీ, లింకులకీ, హెచ్‌టీఎంఎల్‌కీ, మిగతా మాటలకీ వేర్వేరుగా రంగు పెట్టుకోవచ్చు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో స్టైల్ కాన్ఫిగరేటర్ తెరిచి భాష ఎంచుకుంటే కామెంట్ డాక్, కామెంట్ డాక్ కీవర్డ్ అని వస్తాయి, ఆ రెండింటికీ మామూలు కామెంట్ రంగే ఇస్తే ఆఫ్ చేసినట్టే.

ఈమాక్స్‌లో సీ, జావా రాసేవాళ్లకి సీ డాక్ కామెంట్ స్టైల్ అని ఒక వేరియబుల్ ఉంది, మధ్యలో హైఫన్‌లు. జావాకి ముందే జావాడాక్, సీకి జీటీకే డాక్ అని పెట్టి ఉంటుంది, నిల్ ఇస్తే పోతుంది. ఫైలు తెరిచి ఉండగా మార్చి, ఏం తేడా రాలేదని కంగారు పడకండి. మోడ్ మొదలయ్యేటప్పుడే దాన్ని చదువుతుంది, జావా ఫైలైతే ఎమ్ ఎక్స్ కొట్టి జావా మోడ్ అని మళ్లీ ఒకసారి ఇవ్వండి.